పన్నెండు లక్షల తేడా

వేలూరు వీఐటీలో బీటెక్ మొదటి ఏడాది తరగతిలో ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరు పిల్లలు ఒకే పాఠం వింటారు, ఒకే పరీక్ష రాస్తారు, నాలుగేళ్ల తర్వాత ఒకే డిగ్రీ పట్టా అందుకుంటారు. కట్టే ఫీజు మాత్రం ఒకటి కాకపోవచ్చు. ప్రవేశ పరీక్షలో వచ్చిన ర్యాంకును బట్టి అక్కడ ఐదు ఫీజు కేటగిరీలు ఉన్నాయి. మొదటి కేటగిరీకీ, అయిదో కేటగిరీకీ మధ్య తేడా ఏడాదికి రెండు లక్షల రూపాయలకు పైనే. ఇందులో దాపరికమేమీ లేదు. కేటగిరీల ఫీజులన్నీ ఆ సంస్థే ప్రకటిస్తుంది.

చాలామంది తల్లిదండ్రులు ‘అంత ఫీజు తీసుకుంటున్నారంటే అంత చదువు చెబుతారు కదా’ అనుకుంటారు. ఆ బెంచీ మీది ఇద్దరినీ చూస్తే ఆ మాట నిలబడదు. చెప్పే చదువు ఒకటే. మొదటివాడికి తగ్గించినది మంచి ర్యాంకు వాళ్లను రప్పించుకోవడానికి. రెండోవాడి దగ్గర ఎక్కువ తీసుకుంటున్నది అతనికి వేరే దారి తక్కువ గనుక. కాబట్టి ‘ఈ డిగ్రీ విలువ ఎంత’ అని ఊరికే అడిగితే జవాబు దొరకదు. ఫలానా కుర్రాడికి, అతని చేతిలో ఉన్న రెండో సీటుతో పోలిస్తే, ఇది ఎంత ఎక్కువ ఇస్తుందన్నదే లెక్క.

రెండు తెలుగు రాష్ట్రాల్లో ఈ పోలిక వేసుకోవడం మిగతా చోట్ల కంటే తేలిక. ఎందుకంటే ఇక్కడ రెండో సీటు దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. అదే ఈఏపీసెట్ సీటు. పేరు మారినా జనం నోట్లో అది ఇంకా ఎంసెట్టే. ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటాలో, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటాలో నిండుతాయి. కన్వీనర్ కోటా ఫీజును నియంత్రణ సంస్థలు కాలేజీల జమాఖర్చులు చూసి ఖరారు చేస్తాయి. అది నలభై, నలభై అయిదు వేల దగ్గర మొదలై, హైదరాబాద్‌లో పేరున్న ఒకటి రెండు కాలేజీల్లో లక్షన్నర దాటుతుంది. అర్హత ఉన్నవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ సరేసరి.

దీని పక్కనే పెరిగింది మరో ప్రపంచం. విశాఖలో 1980లో కాలేజీగా మొదలైన గీతం 2007లో డీమ్డ్ యూనివర్సిటీ అయింది. వడ్లమూడి విజ్ఞాన్‌కు 2008లో, వడ్డేశ్వరం కేఎల్‌కు 2009లో ఆ హోదా వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2016లో, తెలంగాణ 2018లో ప్రైవేటు యూనివర్సిటీల చట్టాలు చేశాయి. 2017లో అమరావతిలో వీఐటీ-ఏపీ, ఎస్ఆర్ఎం-ఏపీ తలుపులు తెరిచాయి. 2020లో తెలంగాణ ప్రభుత్వం మహీంద్రా, వోక్సెన్, మల్లారెడ్డి, ఎస్ఆర్, అనురాగ్ యూనివర్సిటీలకు అనుమతి ఇచ్చింది. కాలేజీలను కట్టేసిన ఫీజు పగ్గం వీటి మీద అంతగా ఉండదు.

అయితే ఒక మినహాయింపు ఉంది, అది చాలామంది దృష్టిలో పడదు. ఆంధ్రప్రదేశ్ 2021లో చట్టాన్ని సవరించి, ప్రైవేటు యూనివర్సిటీలు 35 శాతం సీట్లను ఎంసెట్ ర్యాంకుతో కన్వీనర్ కోటాలో, ప్రభుత్వం ఖరారు చేసిన ఫీజుకు ఇవ్వాలని పెట్టింది. అంటే ఏప్రిల్‌లో యూనివర్సిటీ పీఆర్వో మాట విని లక్షలకు కొనుక్కున్న సీటు లాంటిదే, ఆగస్టులో వెబ్ ఆప్షన్లు పెట్టుకున్న పక్కింటి పిల్లకు అంతకంటే ఎంతో తక్కువకు రావచ్చు. తెలంగాణ చట్టంలో రాష్ట్ర విద్యార్థులకు 25 శాతం సీట్ల మాట ఉంది గానీ, ఫీజు తగ్గుతుందన్న హామీ లేదు.

ఇప్పుడు కాగితం మీద లెక్క వేద్దాం. అంకెలు ఊహించినవే అయినా, చాలా ఇళ్లలో కనిపించే స్థాయివే. ప్రైవేటు యూనివర్సిటీలో ట్యూషన్ ఫీజు ఏడాదికి 3 లక్షలు, హాస్టలు, మెస్సు కలిపి లక్షా 20 వేలు. నాలుగేళ్లకు 16 లక్షల 80 వేలు. అదే కుర్రాడికి ఇంటి నుంచి వెళ్లి రాగలిగే కాలేజీలో కన్వీనర్ సీటు వస్తే ఫీజు 90 వేలు, బస్సు 30 వేలు. నాలుగేళ్లకు 4 లక్షల 80 వేలు. రెండింటికీ తేడా 12 లక్షలు. ఏ సీటులో చేరినా ఆ 4 లక్షల 80 వేలు ఎలాగూ ఖర్చయ్యేవే. యూనివర్సిటీ కోసం అదనంగా పెడుతున్నది ఈ 12 లక్షలే.

ఆ 12 లక్షలను ఏడాదికి 3 లక్షల చొప్పున, 10 శాతం వడ్డీకి బ్యాంకు దగ్గర తీసుకున్నారనుకుందాం. విద్యా రుణంలో కోర్సు కాలం, ఆపైన ఒక ఏడాది కిస్తీ ఉండదు. ఉండదని చాలామంది ఊపిరి పీల్చుకుంటారు కానీ వడ్డీ ఆగదు. మొదటి 3 లక్షల మీద అయిదేళ్ల వడ్డీ లక్షన్నర, రెండో 3 లక్షల మీద లక్షా 20 వేలు, మూడో దాని మీద 90 వేలు, నాలుగో దాని మీద 60 వేలు. సాధారణ వడ్డీ లెక్కనే 4 లక్షల 20 వేలు అసలులో కలుస్తుంది. కుర్రాడు కిస్తీ కట్టడం మొదలుపెట్టేనాటికి అప్పు 16 లక్షల 20 వేలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 21,400 రూపాయలు. మొత్తం మీద కట్టేది 25 లక్షల పైచిలుకు. ‘నెల కిస్తీ తగ్గిస్తాం’ అని పదిహేనేళ్లకు సాగదీస్తే నెలకు 17,400 అవుతుంది గానీ మొత్తం 31 లక్షలు దాటుతుంది.

చదువుకునే రోజుల్లోనే ఇంట్లోవాళ్లు వడ్డీ కడుతూ పోతే బరువు బాగా తగ్గుతుంది. మొదటి ఏడాది నెలకు 2,500తో మొదలై చివరికి పదివేలకు చేరే ఆ వడ్డీని ఎప్పటికప్పుడు తీర్చేస్తే, పదేళ్ల కిస్తీ 15,900 దగ్గర ఆగుతుంది. వడ్డీకి పాత పన్ను విధానంలో ఎనిమిదేళ్ల పాటు మినహాయింపు ఉంది. కొత్త విధానంలో లేదు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో, ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల ఆధారంగా ఎంచిన సంస్థల్లో సీటు వస్తే తాకట్టు, హామీదారు లేకుండా రుణం ఇస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉన్నవాళ్లకు 10 లక్షల వరకు రుణం మీద కిస్తీ లేని కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది, అదీ ఏడాదికి లక్ష మందికే. చేరబోయే యూనివర్సిటీ ఆ జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోవాలి.

అప్పు చేయకుండా అర ఎకరం అమ్మి కట్టే తండ్రికి నెల కిస్తీ బాధ లేదు. అంతమాత్రాన ఖర్చు లేనట్టు కాదు. ఆ అర ఎకరం ఇచ్చే కౌలు, పెరిగే ధర, చెల్లెలి చదువుకు అక్కరకు వచ్చే ఆసరా, అన్నీ ఈ పద్దులోనే పోతున్నాయి.

మరి రాబడి వైపు? బీటెక్ పూర్తిచేసిన సగటు కుర్రాడికి మన దగ్గర మొదట దొరికేది ఐటీ సేవల కంపెనీ ఉద్యోగం. టీసీఎస్‌లో మామూలు ప్రవేశ స్థాయి జీతం ఏడాదికి 3 లక్షల 36 వేలు, ఇన్ఫోసిస్‌లో 3 లక్షల 60 వేలు అన్న అంకెలు ఎన్నో ఏళ్లుగా వినిపిస్తున్నవే. పదేళ్ల కిందట కూడా ఇవి మూడు, మూడున్నర లక్షల దగ్గరే ఉండేవి. ఈ మధ్యకాలంలో ఇంటి అద్దెలు, ఫీజులు ఎక్కడికి వెళ్లాయో చెప్పనక్కర్లేదు. 2024 ఆగస్టులో కాగ్నిజెంట్ రెండున్నర లక్షల ప్యాకేజీతో ఇచ్చిన ప్రకటన మీద దేశమంతా గగ్గోలు పుట్టింది. అది మూడేళ్ల డిగ్రీ వాళ్లకని, ఇంజినీర్లకు 4 లక్షల నుంచి ఇస్తామని కంపెనీ వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది.

ప్యాకేజీ అన్న మాట చేతికొచ్చే జీతం కాదు. కంపెనీ వాటా పీఎఫ్, గ్రాట్యుటీ, పనితీరును బట్టి ఇచ్చే భాగం, బీమా, కొన్నిచోట్ల ఏళ్ల తర్వాత గానీ చేతికి రాని షేర్లు, అన్నీ అందులోనే. 3 లక్షల 60 వేల ప్యాకేజీలో నెలకు చేతికి వచ్చేది పాతికవేలు, కాస్త అటూ ఇటూ. అందులోంచి 21,400 కిస్తీ కడితే మిగిలేది హైదరాబాద్‌లో పీజీ హాస్టలు అద్దెకే చాలదు.

ఇక్కడే పోలిక పనికొస్తుంది. ప్రైవేటు యూనివర్సిటీ పిల్లవాడికి 6 లక్షల ఉద్యోగం వచ్చిందని సంబరపడే ముందు, కన్వీనర్ సీటులో చదివి ఉంటే ఎంత వచ్చేదని అడగాలి. 4 లక్షలు వచ్చేదైతే యూనివర్సిటీ తెచ్చింది 2 లక్షలే. కిస్తీకి కావలసింది ఏడాదికి రెండున్నర లక్షలకు పైన, అదీ చేతికొచ్చే డబ్బులో. లెక్క ఇంకా తేలలేదన్నమాట. తర్వాతి ఏళ్లలో జీతాలు పెరుగుతాయన్నది నిజమే. కానీ కన్వీనర్ సీటులో చదివినవాడి జీతమూ పెరుగుతుంది. తేడా పెరుగుతుందో, రెండు ఉద్యోగాలు మారేసరికి కరిగిపోతుందో అన్నదే అసలు ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు హోర్డింగుల మీద మాత్రం దొరకదు. ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లో విజయవాడ - గుంటూరు హైవే పొడుగునా, హైదరాబాద్ మెట్రో పిల్లర్ల మీదా కనిపించే ‘44 లక్షల ప్యాకేజీ’ ఒక్కరిది. పది మందిలో ఒకరికి 44 లక్షలు, తొమ్మిది మందికి 4 లక్షల చొప్పున వస్తే సగటు ప్యాకేజీ 8 లక్షలని అచ్చు వేయొచ్చు. అబద్ధం కాదు. కానీ ఆ పది మందిలో 8 లక్షల జీతం అందుకున్నవాడు ఒక్కడూ లేడు. వరుసలో నిలబెట్టి మధ్యలో ఉన్నవాడి జీతం అడిగితే 4 లక్షలు. గణితంలో మీడియన్ అనేది దీన్నే.

ఈ మధ్యవాడి జీతం ఎవరి దయా లేకుండా చూడటానికి ఒక చోటు ఉంది. 2016 నుంచి కేంద్ర విద్యాశాఖ ఇస్తున్న ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల కోసం పోటీపడే ప్రతి సంస్థా తన వివరాలు సమర్పించాలి, వాటిని తన వెబ్‌సైట్‌లోనూ పెట్టాలి. ర్యాంకు కంటే ఆ ఫైలు విలువైనది. అందులో ఎంతమందిని చేర్చుకున్నారు, ఎంతమంది గడువులోగా పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, వాళ్ల మీడియన్ జీతమెంత, ఎంతమంది పైచదువులకు వెళ్లారు అన్నవన్నీ ఏడాదివారీగా ఉంటాయి.

ఆ ఫైలును కొంచెం ఓపికగా చదవాలి. ఉదాహరణకు చేరినవాళ్లు 1000 మంది, సమయానికి పాసైనవాళ్లు 800, ఉద్యోగం వచ్చినవాళ్లు 500, మీడియన్ 6 లక్షలు అని ఉందనుకుందాం. 6 లక్షలన్నది ఆ 500 మందిలో మధ్యవాడిది. అంటే క్యాంపస్ సెలక్షన్లలో 6 లక్షలో, అంతకన్నా ఎక్కువో వచ్చినవాళ్లు సుమారు 250 మంది. గేటు లోపలికి అడుగుపెట్టిన వెయ్యి మందిలో నాలుగో వంతు. ‘95 శాతం ప్లేస్‌మెంట్స్’ అని బ్రోషర్‌లో ఉంటే, అది ఎవరిలో 95 శాతమో చూడాలి. చాలాచోట్ల బ్యాక్‌లాగ్‌లు ఉన్నవాళ్లను, 60 శాతం మార్కులు లేనివాళ్లను, పేరు నమోదు చేసుకోనివాళ్లను పక్కనపెట్టి, మిగిలిన ‘అర్హుల’ మీద వేసిన లెక్క అది. ఎన్ఐఆర్ఎఫ్ అంకెలు కూడా సంస్థలు సొంతంగా ఇచ్చుకున్నవేనని మరవకూడదు. అయినా గోడ మీది అంకెకూ, ఫైలులోని అంకెకూ పొంతన లేకపోతే అదే ఒక సమాచారం.

ఆఫర్ లెటర్ అందినంత మాత్రాన ఉద్యోగం వచ్చినట్టు కూడా కాదు. 2022లో పాసైన కొందరు ఇన్ఫోసిస్ ఆఫర్ చేతపట్టుకుని రెండేళ్లు ఎదురుచూశారు. 2025 ఫిబ్రవరిలో మైసూరు శిక్షణ కేంద్రంలో అంతర్గత పరీక్ష నెగ్గని మూడు వందల మందికి పైగా ట్రైనీలను ఆ కంపెనీ పంపేసింది. ప్లేస్‌మెంట్ పట్టికలో వాళ్లు ఉద్యోగులే.

ఇంకో చిక్కు ఉంది. మంచి యూనివర్సిటీ పిల్లలకు మంచి జీతాలు వస్తున్నాయంటే, అది యూనివర్సిటీ గొప్పా, అక్కడ చేరిన పిల్లల గొప్పా? అమెరికా ఆర్థికవేత్తలు స్టేసీ డేల్, అలన్ క్రూగర్ 2002లో ఈ ముడి విప్పే ప్రయత్నం చేశారు. పేరున్న, గట్టి పోటీ ఉన్న కాలేజీలో సీటు వచ్చి కూడా మామూలు కాలేజీలో చేరిన విద్యార్థులను, అక్కడే చేరినవాళ్లతో పోల్చారు. తర్వాతి జీతాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఒక్క పేద కుటుంబాల పిల్లలకు మాత్రం పేరున్న కాలేజీ వల్ల లాభం కనిపించింది. అమెరికా లెక్క మనకు అచ్చంగా వర్తిస్తుందని కాదు. కానీ అందులో మన తల్లిదండ్రులు ఆలోచించాల్సిన సంగతి ఉంది. ఇంట్లో ఇంజినీర్లూ, చుట్టాల్లో మేనేజర్లూ ఉన్న పిల్లవాడికి కాలేజీ ఇచ్చే పరిచయాలు అదనం. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదువుతున్న పిల్లకు అవే ఆధారం. విచిత్రమేమంటే, పెద్ద ఫీజు కట్టగలిగేది మొదటి ఇల్లు, కట్టాల్సి వస్తే కుంగిపోయేది రెండో ఇల్లు.

ఖరీదైన చదువులన్నీ దండగేనా అంటే, కాదు. పిలానీ, గోవా, హైదరాబాద్ బిట్స్‌లో హాస్టలుతో కలిపి నాలుగేళ్లకు ఇరవై లక్షలు దాటుతుంది. అక్కడ మేనేజ్‌మెంట్ కోటా లేదు, బిట్‌శాట్ మార్కులే ప్రధాన దారి. కంపెనీల్లో నెలల తరబడి పనిచేయించే ప్రాక్టీస్ స్కూలు పాఠ్యక్రమంలోనే భాగం. డబ్బుతో సీటు దొరకని చోట పక్క బెంచీ పిల్లలు కూడా చదువులో భాగమవుతారు. బెంగళూరులోని అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ ప్రైవేటుదే. కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజులో, వసతిలో రాయితీలు ఇస్తుంది. ప్రకటించిన ఫీజుకూ చివరికి కట్టే ఫీజుకూ అక్కడ చాలా తేడా ఉండొచ్చు. ర్యాంకుకో, ఇంటర్ మార్కులకో స్కాలర్‌షిప్ ఇచ్చే యూనివర్సిటీలు మన దగ్గరా ఉన్నాయి. అయితే రెండో ఏడాది నుంచి ఆ రాయితీ నిలవాలంటే ఎంత సీజీపీఏ ఉండాలో కాగితం మీద చూసుకోవాలి. పీఆర్వో నోటిమాట చెల్లదు.

గుర్తింపు సంగతి తేలిగ్గా తీసుకునేది కాదు. 2002లో చత్తీస్‌గఢ్ చేసిన చట్టం చలవతో అక్కడ వందకు పైగా ప్రైవేటు యూనివర్సిటీలు పుట్టుకొచ్చాయి, చాలావాటికి భవనాలే లేవు. 2005లో ప్రొఫెసర్ యశ్‌పాల్ కేసులో సుప్రీంకోర్టు వాటి పునాదినే కొట్టేసింది. యూజీసీ ప్రకటించే నకిలీ యూనివర్సిటీల జాబితాలో గుంటూరు, విశాఖ చిరునామాలతోనూ పేర్లు కనిపించాయి. యూజీసీ గుర్తించిన జాబితాలో ఉన్న అసలు యూనివర్సిటీ అయినా పూచీ లేదు. హిమాచల్‌లోని సోలన్‌లో మానవ్ భారతి యూనివర్సిటీ వేల సంఖ్యలో నకిలీ డిగ్రీలు అమ్మిందన్న కేసు 2020లో బయటపడ్డాక, నిజంగా చదివినవాళ్ల సర్టిఫికెట్లను కూడా అనుమానంగా చూశారు.

న్యాక్ గ్రేడు సంస్థ మొత్తానికి ఇచ్చేది, ఎన్‌బీఏ గుర్తింపు కోర్సుకు ఇచ్చేది. కొత్తగా పెట్టిన బ్రాంచికి ఎన్‌బీఏ ఉందో లేదో విడిగా అడగాలి. ఇంజినీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ ఒప్పందంలో 2014లో భారత్ పూర్తి సభ్యత్వం పొందాక, విదేశాలకు వెళ్లేవాళ్లకు ఎన్‌బీఏ అవసరం పెరిగింది. న్యాక్ గ్రేడు ఒక్కటే చూసి నమ్మడం మాత్రం ఇక కష్టం. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌లోని ఒక విద్యాసంస్థకు గొప్ప గ్రేడు ఇవ్వడానికి లంచాలు తీసుకున్నారన్న ఆరోపణ మీద తనిఖీ బృందం సభ్యులను, సంస్థ ప్రతినిధులను సీబీఐ అరెస్టు చేసింది.

బ్రాంచి మాట వచ్చింది కాబట్టి ఒక విషయం. 2024-25 నుంచి ఏఐసీటీఈ ఒక్కో బ్రాంచిలో సీట్ల మీదున్న పరిమితిని ఎత్తేసింది. తెలంగాణలో ఇంజినీరింగ్ సీట్లలో సగానికి చాలా పైగా ఇప్పుడు కంప్యూటర్ సైన్సు, దాని పిల్ల కోర్సులే. ఒకే బ్రాంచిలో వేల మందిని చేర్చుకునే చోట ఎంతమంది అధ్యాపకులు ఉన్నారు, వాళ్లలో ఎందరు రెండేళ్లకు మించి అక్కడే పనిచేస్తున్నారు అని అడగాలి. క్యాంపస్ చూపించడానికి వచ్చే గైడును కాదు, క్యాంటీన్‌లో కూర్చున్న మూడో ఏడాది పిల్లలను. గైడు స్విమ్మింగ్ పూల్ చూపిస్తాడు. మూడో ఏడాది పిల్లలు ల్యాబ్‌లో కంప్యూటర్లు పనిచేస్తాయా, గత సీనియర్లలో తమ బ్రాంచి వాళ్లు ఎక్కడ చేరారు, ఏటా ఫీజు ఎంత పెంచారు, పోయిన సబ్జెక్టు మళ్లీ రాయడానికి ఎంత కట్టించుకుంటారు అన్నవి చెబుతారు.

తొందరపెట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఎంసెట్ కౌన్సెలింగ్ జులై, ఆగస్టుల్లో జరిగితే, ప్రైవేటు యూనివర్సిటీల నుంచి ‘ఈ రాత్రికి సీటు బ్లాక్ చేసుకోండి, రేపటికి మెకానికల్ తప్ప ఏమీ మిగలదు’ అన్న ఫోన్లు ఏప్రిల్ నుంచే మొదలవుతాయి. కంగారులో కట్టేసినా అంతా పోయినట్టు కాదు. యూజీసీ 2018లో ఫీజు వాపసు మీద నిబంధనలు పెట్టింది. ప్రవేశాల గడువుకు పదిహేను రోజుల ముందే మానుకుంటే కొద్దిపాటి ప్రాసెసింగ్ ఖర్చు పోను మొత్తం ఇవ్వాలి. గడువు దాటాక కూడా మొదటి పదిహేను రోజుల్లో 80 శాతం, నెలలోపు 50 శాతం వెనక్కి రావాలి. ఇటీవలి ఏళ్లలో కౌన్సెలింగులు ఆలస్యమవుతున్నాయని, సెప్టెంబరు చివరిదాకా మానుకున్నవాళ్లకు పూర్తి ఫీజు ఇవ్వాలని కూడా ఆదేశించింది. టెన్త్, ఇంటర్ ఒరిజినల్ సర్టిఫికెట్లు యూనివర్సిటీ తన దగ్గర అట్టిపెట్టుకోకూడదు. పరిశీలించి అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయాలి. ఇవ్వకుండా తిప్పించుకుంటే యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. దానికి ఫీజు కట్టిన రసీదు, మానుకుంటున్నట్టు తేదీ వేసి పంపిన ఈమెయిల్ దగ్గర పెట్టుకోవాలి.